విడాకుల్లో సగం–సగం అనే రూల్ మన దగ్గర లేదు: ఆస్తి, అప్పు ఎలా పంచుకోవాలి?

ఇవాళ టాపిక్ కొంచెం బరువైనది. పెళ్లి ఖర్చుల మీద వీడియో చేస్తే ఫ్యామిలీ గ్రూపులో షేర్ చేస్తారు. విడాకుల మీద చేస్తే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే చూస్తారు. పర్లేదు, అలాగే చూడండి. కానీ చివరిదాకా చూడండి.

మన వయసువాళ్ల పెళ్లిళ్లలో ఇప్పుడు ఇద్దరికీ జీతం ఉంటోంది. ఇద్దరి పేరా హోమ్ లోన్ ఉంటోంది. ఒకరి కార్డు ఇంకొకరు వాడుతుంటారు. అమ్మాయి బంగారం లాకర్‌లో ఉంటుంది, లాకర్ మాత్రం అత్తగారి పేరు మీద ఉంటుంది. బాగున్నన్నాళ్లూ ఇదంతా ఎవరూ పట్టించుకోరు. విడిపోవాల్సి వచ్చిన రోజు మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: "ఆస్తిలో సగం వస్తుంది కదా?" ఈ ప్రశ్నని కొందరు ఆశతో అడుగుతారు, కొందరు భయంతో అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఒకటే. అలాంటి రూల్ మన దగ్గర లేదు.

మరి ఉన్నదేంటి? ఆస్తి విషయంలో చట్టం పేరునీ, రుజువునీ చూస్తుంది. అప్పు విషయంలో సంతకాన్ని చూస్తుంది. న్యాయంగా పంచుకోవడం అనేది ఈ రెండింటి వల్లా దానంతట అది జరగదు. మీరే లెక్క రాసుకుని, ఒప్పుకుని, దాన్ని కోర్టు డిక్రీలోకి ఎక్కించుకోవాలి. ఇవాళ చెప్పబోయేది అదే, స్టెప్ బై స్టెప్.

ముందే ఒక మాట. నేను బీటెక్ చదివి కోడ్ రాసినవాణ్ణి, లాయర్ని కాదు. ఇది చూసి లాయర్ దగ్గరికి సరైన ప్రశ్నలతో వెళ్లండి. ఫీజు పెట్టుకోలేమంటారా? లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

సగం మాట ఎక్కణ్ణించి వచ్చింది?

ఎక్కువగా అమెరికా నుంచి. అక్కడ టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి జీతంతో కొన్నా, ఎవరి పేరు మీద ఉన్నా, మామూలుగా ఇద్దరిదీ అని లెక్క. పెళ్లయ్యాక చేసిన అప్పులు కూడా చాలావరకు అంతే. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, బే ఏరియా, సియాటిల్ ఈ రాష్ట్రాల్లోనే ఉన్నాయి. న్యూజెర్సీకి వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ సమానంగా కాదు, సమంజసంగా పంచుతారు. అంటే జడ్జి పరిస్థితులు చూసి వాటాలు నిర్ణయిస్తారు.

మన దేశంలో గోవా వేరు. పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల అక్కడ భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అనే పద్ధతి ఉంది. తెలంగాణలో, ఆంధ్రలో అది లేదు. పెళ్లయినంత మాత్రాన భర్త ఆస్తి భార్యది కాదు, భార్య ఆస్తి భర్తది కాదు.

దీన్ని మార్చాలని ఒక ప్రయత్నం జరిగింది. 2010లో వచ్చిన వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభలో పాసైంది. విడాకులప్పుడు భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇప్పించే మాట అందులో ఉంది. లోక్‌సభ దాటలేదు, 2014లో ఆ సభతో పాటే పోయింది. అప్పట్లో వచ్చిన వార్తలు చూసి అది చట్టమైపోయింది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాలేదు.

"మరి భరణం ఉంది కదా?" అంటారు. ఉంది. హిందూ వివాహ చట్టం 1955లో కేసు నడుస్తున్నప్పటి ఖర్చులకి సెక్షన్ 24, శాశ్వత భరణానికి సెక్షన్ 25 ఉన్నాయి. అయితే భరణం వేరు, ఆస్తి పంపకం వేరు. భరణం అంటే బతకడానికి ఆధారం. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ తేడా గట్టిగానే చెప్పింది. మాజీ భర్త సంపదతో సమానం చేయడం భరణం ఉద్దేశం కాదు అంది. అదే చట్టంలో సెక్షన్ 27 కూడా ఉంది. కానీ అది పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకల వరకే. మీరు పెళ్లయిన నాలుగేళ్లకి కొన్న ఫ్లాట్ దాని కిందకి రాదు.

భరణం హక్కు అన్ని మతాల వాళ్లకీ ఉంది. 2024 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన తెలంగాణ కేసులోదే. విడాకులైన ముస్లిం మహిళ కూడా సెక్షన్ 125 కింద భరణం అడగొచ్చని అందులో తేల్చారు. ఆ సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 144 అయింది. ఆ తీర్పులోనే జస్టిస్ నాగరత్న ఇంకో మాట రాశారు. ఇంట్లో ఉండే భార్యకి సొంత ఆదాయం ఉండదు కాబట్టి భర్త జాయింట్ అకౌంట్ పెట్టాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలి అని. విడాకుల గురించి కాదు, మామూలు సంసారం గురించి చెప్పిన మాట అది. పెళ్లైనవాళ్లు నోట్ చేసుకోండి.

బంగారం: దీని మీద చర్చే లేదు

అమ్మాయికి పెళ్లికి ముందు, పెళ్లిలో, పెళ్లి తర్వాత పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, బంధువులు ఆమెకని ఇచ్చినది స్త్రీధనం. అది పూర్తిగా ఆమెది. భర్తకి అందులో వాటా లేదు, ఉమ్మడి ఆస్తి కాదు. సుప్రీంకోర్టు 1985 నుంచి ఇదే చెబుతోంది. 2024 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది: కష్టకాలంలో భర్త ఆ బంగారం వాడుకోవచ్చు, కానీ తిరిగి ఇచ్చే బాధ్యత అతనిదే.

ఇంకో తీర్పు మన దగ్గర్నుంచే వెళ్లింది. తెలుగు కుటుంబాలన్నీ వినాల్సిన కథ. 1999లో పెళ్లి. ఇద్దరూ అమెరికాలో ఉన్నారు. 2016లో అక్కడే విడాకులు తీసుకున్నారు, వస్తువులన్నీ ఎవరివి వాళ్లు ఒప్పందంలో పంచుకున్నారు. 2018లో ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత 2021లో ఆమె తండ్రి హైదరాబాద్‌లో పాత అత్తమామల మీద కేసు పెట్టారు. పెళ్లిలో పెట్టిన 40 కాసుల బంగారం తిరిగి ఇవ్వలేదని. కాసు అంటే 8 గ్రాములు, అంటే 320 గ్రాములు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఆగస్టు 29న జస్టిస్ మహేశ్వరి, జస్టిస్ సంజయ్ కరోల్ బెంచ్ ఆ కేసు కొట్టేసింది. కారణం ఏంటంటే స్త్రీధనానికి యజమాని ఆ అమ్మాయి ఒక్కరే. ఆమె అడగకుండా, ఆమె అనుమతి లేకుండా తండ్రి కూడా అడగలేడు.

దీంట్లో రెండు పాఠాలున్నాయి. ఒకటి, "మా అమ్మాయికి మేం పెట్టాం కాబట్టి మాకే ఇవ్వాలి" అనే లెక్క చెల్లదు. ఇచ్చిన క్షణం నుంచి అది అమ్మాయిది. రెండు, విడాకుల ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నది ఏళ్ల తర్వాత కూడా మిమ్మల్ని కాపాడుతుంది, లేదా ముంచుతుంది.

మరి రుజువు? మన పెళ్లిళ్లలో ఒక మూల టేబుల్ వేసుకుని ఒక బాబాయ్ చదివింపులు రాస్తుంటాడు చూశారా, ఆ పుస్తకం పారేయకండి. 1985 నాటి వరకట్న నిషేధ రూల్స్ ప్రకారం పెళ్లి కానుకల లిస్టు రాసి, సంతకాలు పెట్టి ఉంచుకోవాలి. చేసేవాళ్లు తక్కువ. ఆ లిస్టు లేకపోతే పెళ్లి ఫోటోలు, పాట్ మార్కెట్‌లో కొన్నప్పటి బిల్లులు, లాకర్ రికార్డు పనికొస్తాయి. లిస్టులో "ఒక హారం" అని రాస్తే లాభం లేదు. హారం, ఎన్ని గ్రాములు, ఎవరిచ్చారు, ఇప్పుడు ఎక్కడుంది, ఇవన్నీ రాయాలి.

ఇల్లు: పేరు ఎవరిది, డబ్బు ఎవరిది

ఫ్లాట్ ఇద్దరి పేరా ఉంటే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 ఒక లెక్క చెబుతుంది. ఎవరు ఎంత పెట్టారో తెలిస్తే వాటాలు ఆ నిష్పత్తిలో. తెలియకపోతే సమానం అనుకుంటారు. అంటే బ్యాంక్ స్టేట్‌మెంట్లే మీ సాక్షులు. డౌన్ పేమెంట్ ఎవరి అకౌంట్ నుంచి వెళ్లింది, ఈఎమ్ఐ ఎవరి అకౌంట్ నుంచి పోతోంది, ఇవి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. చాలా బ్యాంక్ యాప్‌లలో పాత స్టేట్‌మెంట్లు కొన్నేళ్ల వరకే సులువుగా దొరుకుతాయి.

ఫ్లాట్ ఒక్కరి పేరే ఉండి, ఇంకొకరు నెలనెలా ఈఎమ్ఐలో సగం పంపిస్తుంటే? ఆ సగం రుజువు చేసుకునే భారం పంపినవాళ్ల మీదే పడుతుంది. ఇంకా కష్టమైన కేసు ఇంకోటుంది. ఒకరు ఈఎమ్ఐ కడతారు. ఇంకొకరి జీతం మొత్తం కూరగాయలకి, స్కూల్ ఫీజుకి, అత్తగారి మందులకి పోతుంది. కాగితం మీద చూస్తే ఒకరు ఇల్లు కొన్నారు, ఇంకొకరు ఏమీ కొనలేదు. నిజం అది కాదని అందరికీ తెలుసు. రెండో జీతం లేకపోతే మొదటి జీతంతో ఈఎమ్ఐ కట్టడం కుదిరేది కాదు.

జీతమే లేని ఇల్లాలి సంగతి? 2023 జూన్‌లో మద్రాస్ హైకోర్టులో జస్టిస్ కృష్ణన్ రామసామి ఒక తీర్పు ఇచ్చారు. భర్త సౌదీలో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లు, పిల్లల్ని చూసుకుంటూ ఆస్తులు కొంది. అంతా నాదే అన్నాడు భర్త. ఆమె ఇంటి పని కూడా ఆ ఆస్తి సంపాదనలో భాగమే అని, ఉమ్మడిగా కొన్నట్టు ఉన్న ఆస్తుల్లో సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. అది విడాకుల కేసు కాదు, మన హైకోర్టు తీర్పూ కాదు. అయినా కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన వేల కుటుంబాలది ఇదే కథ. మాట్లాడి సెటిల్ చేసుకునేటప్పుడు ఈ వాదన టేబుల్ మీద పెట్టొచ్చు.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తా. భర్త తాతల ఆస్తిలో విడాకులతో భార్యకి వాటా రాదు. పిల్లల హక్కు మాత్రం పోదు. అత్తమామల పేరున్న ఇల్లయినా, పెళ్లి బంధం ఉన్నప్పుడు ఆమె అక్కడ కాపురం చేసి ఉంటే గృహహింస చట్టం 2005 కింద ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది నివాస హక్కు, యాజమాన్యం కాదు. అమ్మాయికి పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం ఆమెదే. దానికి రిజిస్టర్డ్ కాగితం ఉందా లేదా ముందే చూసుకోండి. ఆడపిల్లకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అనేది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ వాటా మీద భర్తకి ఏ హక్కూ లేదు.

అప్పు: ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు

ఆస్తి గురించి అందరూ కొట్లాడతారు. అప్పు గురించి "చూసుకుందాంలే" అంటారు. ఇది తలకిందులు. ఆస్తి పోతే పోయింది. అప్పు అయితే వెంట వస్తుంది.

మీ విడాకులు మీకూ మీ భాగస్వామికీ మధ్య జరిగేవి. బ్యాంక్ ఆ కేసులో పార్టీ కాదు. కాబట్టి "ఇకపై ఈఎమ్ఐ అతనే కట్టాలి" అని డిక్రీలో రాసినా, హోమ్ లోన్‌లో మీ సంతకం ఉన్నంతకాలం బ్యాంక్ దృష్టిలో మీరు కూడా అప్పుదారే. అతను మూడు నెలలు కట్టలేదు అనుకోండి. మీ సిబిల్ స్కోర్ పడిపోతుంది. రికవరీ కాల్ మీకూ వస్తుంది. డిక్రీ చూపించి అతని మీద కోర్టుకి వెళ్లొచ్చు, కానీ బ్యాంకుని ఆపలేరు. ఆరేళ్ల తర్వాత మీరు ఒంటరిగా ఒక చిన్న ఫ్లాట్‌కి లోన్ అడిగితే, పాత లోన్ మీ పేరు మీదే కనిపిస్తుంది.

గ్యారంటర్ అయినా అంతే. కాంట్రాక్ట్ చట్టం 1872 సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, జామీనుదారుడి బాధ్యత అసలు అప్పుదారుడి బాధ్యతతో సమానం. "నేను ఊరికే సంతకం పెట్టా" అనే మాటకి విలువ లేదు.

ఒక్కొక్కటీ చూద్దాం.

క్రెడిట్ కార్డు: కార్డు ఎవరి పేరు మీద ఉందో బిల్లు వాళ్లదే. మీ కార్డు మీద వాళ్లకి యాడ్-ఆన్ కార్డు ఇచ్చి ఉంటే, వాళ్లు గీకినది కూడా మీరే కట్టాలి. విడిపోవాలని తేలిన రోజే యాడ్-ఆన్ ఆపేయండి. యూపీఐకి లింకైన అకౌంట్లు, ఆటోపే మాండేట్లు కూడా చూడండి.

చిట్టీ: దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఎత్తని చిట్టీ అంటే ఆస్తి. ఎత్తేసిన చిట్టీ అంటే అప్పు. ఇంకొకరి చిట్టీకి ష్యూరిటీ సంతకం పెడితే అది పొంచి ఉన్న అప్పు. ఈ మూడూ లిస్టులో వేరువేరుగా రాయాలి.

గోల్డ్ లోన్: భార్య నగలు కుదువపెట్టి భర్త వ్యాపారానికి వాడితే, అది అతని అప్పు, ఆమె బంగారం. విడిపించి నగలు ఇవ్వాల్సింది అతనే. గడువు దాటితే నగలు వేలానికి వెళ్తాయి, అందుకే ఇది లిస్టులో అన్నిటికన్నా పైన ఉండాలి.

చేబదులు, ప్రాంసరీ నోట్లు: విడాకుల మాట రాగానే కొన్ని ఇళ్లలో కొత్త అప్పులు పుట్టుకొస్తాయి. "మా మేనమామ దగ్గర ఎనిమిది లక్షలు తెచ్చా, ఇదిగో నోటు" అంటారు. ఒక్కటే అడగండి: ఆ డబ్బు ఏ అకౌంట్‌లో పడింది, ఎక్కడికి వెళ్లింది? చూపించలేకపోతే దాన్ని ఉమ్మడి లెక్కలోకి రానివ్వకండి.

మరి ఏ అప్పు ఎవరిది? నేను వాడే ప్రశ్న: "ఈ డబ్బు ఎవరి కోసం ఖర్చయింది?" ఇద్దరి ఇంటి కోసమైతే ఇద్దరిదీ. ఆమె పెళ్లికి ముందు ఎంటెక్ కోసం తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఆమెది. అతని చెల్లి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్ అతనిది. బెట్టింగ్ యాప్‌లో పోగొట్టిన డబ్బు పోగొట్టినవాళ్లది. ఇది చట్టంలోని సూత్రం కాదు, న్యాయంగా మాట్లాడుకోవడానికి దారి.

ఒక లెక్క వేద్దాం

ఊహించిన జంట ఇది, ఎవరి కథా కాదు. మల్కాజిగిరిలో ఫ్లాట్, ఇద్దరి పేరా ఉంది. ఇప్పటి ధర 80 లక్షలు, లోన్ మిగిలింది 44 లక్షలు. చేతికొచ్చే విలువ 36 లక్షలు. కారు ధర 6 లక్షలు, లోన్ 4, మిగిలేది 2. అతని పేరు మీద ఎఫ్‌డీ 5 లక్షలు, ఆమె పేరు మీద 3 లక్షలు, రెండూ పెళ్లయ్యాక దాచినవే. ఇంటి ఖర్చుల క్రెడిట్ కార్డు బాకీ లక్షా 20 వేలు.

కలిపితే 36, 2, 5, 3, మొత్తం 46. కార్డు బాకీ తీసేస్తే 44 లక్షల 80 వేలు. ఇది ఉమ్మడి కుప్ప.

ఇప్పుడు వెంటనే సగం చేయకండి. ఫ్లాట్ డౌన్ పేమెంట్ చూడండి. ఆమె తన నగలు కొన్ని అమ్మి 8 లక్షలు పెట్టింది. అతను పెళ్లికి ముందు దాచుకున్న 4 లక్షలు పెట్టాడు. ఎవరిది వాళ్లకి ముందు తిరిగి ఇవ్వాలి. 44.8 నుంచి 12 తీస్తే 32.8. దాంట్లో సగం 16.4. అంటే ఆమెకి 16.4 ప్లస్ 8, మొత్తం 24 లక్షల 40 వేలు. అతనికి 16.4 ప్లస్ 4, మొత్తం 20 లక్షల 40 వేలు.

ఫ్లాట్, కారు, వాటి లోన్లు, కార్డు బాకీ అతనే ఉంచుకుంటాడు అనుకుందాం. అతని దగ్గర ఉన్నది 36, 2, 5 కలిపి 43, అందులో కార్డు 1.2 పోగా 41.8. ఆమె దగ్గర 3 మాత్రమే. కాబట్టి అతను ఆమెకి 21 లక్షల 40 వేలు ఇవ్వాలి. అప్పుడు ఆమెకి 24.4, అతనికి 20.4. లెక్క కుదిరింది.

కుప్ప బయట ఉన్నవి చూడండి. ఆమె మిగతా నగలు ఆమెవే. అందులో కొన్ని కుదువపెట్టి అతని స్టార్టప్‌కి తెచ్చిన 4 లక్షల గోల్డ్ లోన్ అతను తీర్చి నగలు తెచ్చివ్వాలి. చెల్లి పెళ్లి లోన్ 5 లక్షలు అతనిది. ఎడ్యుకేషన్ లోన్ 3 లక్షలు ఆమెది. భరణం, పిల్లలుంటే వాళ్ల ఖర్చు ఇదంతా కాక వేరే చర్చ. వాటిని ఇందులో కలిపేస్తే ఎవరికి ఏ పద్దు కింద ఎంత వచ్చిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

"మరి అతని దగ్గర 21 లక్షల క్యాష్ ఎక్కడుంది?" ఇదే అసలు ప్రశ్న. లోన్ టాప్-అప్ తీసుకోవాలి, లేదా ఫ్లాట్ అమ్మాలి. అతని ఒక్కడి జీతం మీద 44 లక్షల లోన్‌కే బ్యాంక్ ఒప్పుకోకపోతే, ఉంచుకోవాలనే కోరిక ఎంతున్నా అమ్మడమే దారి. అమ్మితే బ్రోకర్ కమిషన్, క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ పోగా మిగిలినదే పంచాలి. ఈ మాట ముందే ఒప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మీ కేసులో అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే. ముందు ఎవరి సొంతం వాళ్లకి, తర్వాత ఎవరి సొంత అప్పు వాళ్లకి, మిగిలిన ఉమ్మడిలోంచి ఉమ్మడి బాకీ తీసి, అప్పుడు పంపకం.

కాగితం మీద ఎలా పెట్టాలి

మన దగ్గర పెద్దమనుషులు కూర్చుని, వంద రూపాయల బాండ్ పేపర్ మీద "ఇకపై మాకు సంబంధం లేదు" అని రాయించి పంపేయడం ఇంకా ఉంది. కులాచారం ప్రకారం విడాకులు చెల్లుతాయని రుజువు చేయగలిగే కొన్ని సందర్భాలు తప్ప, ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. పంచాయితీలో మాట్లాడుకోవడం తప్పు కాదు. అక్కడితో ఆపేయడం తప్పు.

ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టంలో దారి సెక్షన్ 13బి. ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్ వేస్తారు, దాన్ని ఫస్ట్ మోషన్ అంటారు. ఆరు నెలల తర్వాత సెకండ్ మోషన్. అన్నీ సెటిలైపోయి ఉంటే ఆ ఆరు నెలలు తగ్గించే అధికారం కోర్టుకి ఉందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బంతా మొదటి రోజే ఇచ్చేయడం గానీ, అంతా చివరికి పెట్టడం గానీ మంచిది కాదు. కొంత ఫస్ట్ మోషన్‌లో, మిగతాది సెకండ్ మోషన్‌లో, కోర్టు ముందు డీడీ రూపంలో ఇవ్వడం మామూలుగా జరిగే పద్ధతి.

ఒప్పుకోకపోతే? భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలని 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అబద్ధం రాస్తే చర్య ఉంటుంది. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్న్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఉన్నవాళ్లకి అక్కడ బలం. ఇద్దరి మధ్య ఆస్తి తగాదా వినే అధికారం ఫ్యామిలీ కోర్టుకి 1984 చట్టం ఇచ్చింది. దానికీ వేరే సివిల్ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు.

ఒప్పందంలో తప్పకుండా ఉండాల్సినవి ఇవి. స్క్రీన్‌షాట్ తీసుకోండి:

1. నగల లిస్టు గ్రాములతో సహా, అప్పగించే తేదీ, అందినట్టు సంతకం.

2. ప్రతి లోన్ అకౌంట్ నంబర్, మిగిలిన బాకీ, ఇకపై ఎవరు కట్టాలి, ఏ తేదీలోపు రెండో పేరు తీయించాలి.

3. బ్యాంక్ పేరు తీయడానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలి: వేరే బ్యాంకుకి లోన్ మార్చడమా, ఫ్లాట్ అమ్మడమా.

4. అప్పటివరకు ఈఎమ్ఐ తప్పితే ఎవరు ఎంత భరించాలి.

5. ఫ్లాట్‌లో ఒకరు వాటా వదులుకుంటే రిజిస్ట్రేషన్ ఎప్పుడు, స్టాంప్ డ్యూటీ ఎవరిది. నోటి మాట చాలదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలా, కోర్టు డిక్రీతోనే సరిపోతుందా అని లాయర్‌ని అడగండి.

6. చిట్టీలు, ష్యూరిటీలు, చేబదుళ్లు. "ఇందులో రాయని అప్పు ఎవరు చేస్తే వాళ్లదే" అనే ఒక వాక్యం.

బ్యాంకు దగ్గరికి సెకండ్ మోషన్‌కి ముందే వెళ్లండి. తర్వాత వెళ్తే అవతలి మనిషి ఫోన్ ఎత్తకపోవచ్చు. ట్యాక్స్ గురించి కూడా ఒక మాట: ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో భార్యాభర్తలు బంధువులు, విడాకుల తర్వాత కాదు. ట్రాన్స్‌ఫర్ డిక్రీకి ముందు చేయాలా తర్వాత చేయాలా అని సీఏని అడిగి చేయండి. చివరగా ఇన్సూరెన్స్, పీఎఫ్, బ్యాంక్ అకౌంట్లలో నామినీ పేర్లు మార్చుకోండి. అది ఎవరూ మీకు గుర్తు చేయరు.

ఇదంతా విని "ఇంత లెక్కలా, కలిసి బతికిన మనిషితో?" అనిపించొచ్చు. నాకైతే ఉల్టాగా అనిపిస్తుంది. లెక్క లేని చోటే మాటలు పెరుగుతాయి. "నా జీవితం నాశనం చేశావ్" అనే మాటకి ఎవరూ జవాబు చెప్పలేరు. "డౌన్ పేమెంట్‌లో నా 8 లక్షలు ఉన్నాయి" అనే మాటకి అవును, కాదు అని చెప్పొచ్చు. పిల్లలుంటే వాళ్ల పుట్టినరోజుకి ఇద్దరూ ఒక హాల్లో నిలబడాలి కదా. ఆ రోజు ఒకరికొకరు బాకీ లేకుండా ఉంటే చాలు.

ఈ రాత్రి చేయాల్సిన పని ఒకటే. పెళ్లి బాగున్నా, బాగోకపోయినా సరే. ఫోన్‌లో ఒక షీట్ ఓపెన్ చేసి, మీ సంతకం ఉన్న ప్రతి అప్పు రాయండి. మీరు మర్చిపోయినవి తెలియాలంటే మీ క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు, బ్యాంక్ అప్పులు అందులో కనిపిస్తాయి. మీరు ఎక్కడెక్కడ సంతకం పెట్టారో మీకు తెలిసి ఉండాలి కదా.

వచ్చే ఎపిసోడ్‌లో పిల్లల కస్టడీ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, జాగ్రత్త.